దశరథ్ ఇంకా కింద పడలేదు

మనూర్ పోయే పొద్దుటి బస్సు డిపో గేటు దాటే వేళకు ఉమారాణి డబ్బా మూత బిగించేది. రెండు జొన్నరొట్టెలు, పప్పు, పక్కన ఇంత పచ్చిమిర్చి తొక్కు. ఆడబిడ్డ రోజ దోటి భుజాన వేసుకుని ముందు నడిచేది, వదిన వెనక. గోదాం పక్కన చింతచెట్టు కిందికి రాగానే డబ్బాను దోటి కొక్కేనికి తగిలించేవాళ్లు. అది రెండు బొంగులు కలిపి కట్టిన దోటి, బరువు. రోజ మొదలు పట్టుకుని ఎత్తితే, పైన కొమ్మల మధ్య నుంచి దశరథ్ చెయ్యి చాచి డబ్బా అందుకునేవాడు.

"ఏం కూర?"

"పప్పే. కోడికూర కావాల్నంటె దిగి రా" అనేది ఉమారాణి.

"దిగుతనే ఉన్న గదనే!"

ఎదురుగా హోటల్లో చాయ్ వడపోస్తున్న మణెమ్మ ఆ మాటకు రోజూ కొత్తగా విన్నట్టే నవ్వేది. ఉమారాణి కూడా నవ్వేది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. రోజ నవ్వేది కాదు. ఆమె కళ్లు దోటి మొదట్లో బిగుసుకున్న తన పిడికిళ్ల మీదే ఉండేవి.

దశరథ్ పడుతున్నాడు. దసరా వెళ్లిన మరునాడు ఆ చెట్టు పైకొమ్మల్లోంచి పడడం మొదలుపెట్టాడు, శివరాత్రి దాటినా ఇంకా పడుతూనే ఉన్నాడు. రోజుకు రెండు మూడు వేళ్ల మందం. వెల్లకిలా, మోకాళ్లు కాస్త పైకి లేచి, అంగీ అంచులూ జుట్టూ గాలికి పైకెగిరి అట్లాగే నిలబడిపోయి. నడుముకు కట్టిన పట్టీ కూడా అట్లాగే ఉంది. ఇందులో వింతేముందని నారాయణఖేడ్ అనుకోలేదు. కొందరు జల్దీ పడతారు, కొందరికి టైం పడుతుంది. రేషన్ డీలరు వేలిముద్ర మెషీన్ని దోటికి కట్టి పైకి పంపాడు. చాయ్ తాగేవాళ్లు తలెత్తి అడిగేవాళ్లు: "దశరథ్, బీదర్ బస్సు అవుపడ్తుందా?" "అవుపడ్తలేదు, ఇంకో చాయ్ తాగు" అని జవాబొచ్చేది. మణెమ్మ వ్యాపారానికి అది మంచి జవాబు.

నెమ్మదిగా పడుతున్నాడు కదా, మెల్లగా ఆనుతాడులే అని సర్దిచెప్పుకోవడానికి మాత్రం వీల్లేకపోయింది. సంక్రాంతి ముందు అతని వీపు కిందికి తొడంత లావు కొమ్మ ఒకటి వచ్చింది. ఆ కొమ్మ కొన్నాళ్లు వంగింది, మూలిగింది, ఓ మధ్యాహ్నం తుపాకీ పేలినట్టు విరిగి గోదాం రేకుల మీద పడింది. దశరథ్ వీపంతా కమిలిపోయింది. పడడంలో తొందర లేదు గాని, బలం ఎంత ఉండాలో అంతా ఉంది. ఇప్పుడతని కింద ఉన్నది చెట్టు మొదటి పంగలోంచి వచ్చిన పెద్ద కొమ్మ. ఇద్దరు చేతులు చాచి కావలించుకుంటే గాని అందదు. అది విరగదు. ఈసారి విరిగేదేదో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. వచ్చిన డాక్టరు కూడా తలెత్తి చూసి, అద్దాలు తుడుచుకుని బండెక్కాడు.

"తాడు మంచిదే. ముడి కట్టుడు రాక పడ్డడు."

ఈ మాట మొదట అన్నవాడు వీరప్ప. గోదాం రేకుల మీద వాలిన కొమ్మలు కొట్టించే కంట్రాక్టు అతనిదే. దశరథ్ పడడం మొదలుపెట్టిన మరునాడు తాడు తెప్పించి, అటూ ఇటూ గుంజి, నలుగురికీ చూపించాడు. ఎక్కడా తెగలేదు, నూలుపోగు లేవలేదు, కడిగిన ముత్యంలా ఉంది. "హౌదా, కాదా? మూడొద్దుల ట్రైనింగుకు పోయొచ్చి పెద్ద సారయిండు. ఇగ జూడుండ్రి." తప్పు తాడుది కాకపోతే మనిషిది, మనిషిదైతే కంట్రాక్టరుది కాదు. లెక్క తేలిపోయింది. ఆ మాట నల్లా దగ్గరికి పోయింది, కిరాణా దుకాణానికి పోయింది, బోరంచ నల్లపోచమ్మకు మొక్కు చెల్లించడానికి ఉమారాణి ఎక్కిన ఆటోలోకి కూడా ఆమెకంటే ముందే ఎక్కి కూర్చుంది. "ముడి రానోడు చెట్టెందుకెక్కాలె?" పైనున్న దశరథ్‌కు కూడా వినపడేది.

తాడు ఎందుకంత శుభ్రంగా ఉందో రోజకు తెలుసు.

దశరథ్ ఇదివరకు అందరిలాగే ఒట్టి చేతులతో, నడుముకు గొడ్డలి చెక్కుకుని చెట్లెక్కేవాడు. జహీరాబాద్‌లో తోమా సార్ దగ్గర తాడుతో ఎక్కడం నేర్చుకుని వచ్చినప్పుడు, చెల్లెల్ని ముందు కూర్చోబెట్టి పట్టుముడి చూపించాడు. సన్నతాడును పెద్దతాడు చుట్టూ మెలికలు వేసి బిగిస్తే, చేత్తో నెడితే జరుగుతుంది, మనిషి బరువు పడితే కరుచుకుంటుంది. "సూడు, పిలిస్తె వస్తది, కొడితె కదల్దు, మీ వదినె లెక్క" అన్నాడు. వంటింట్లోంచి గరిటె వచ్చి తగిలింది. ఆ తాడు కొత్తది, తెల్లటిది, మధ్యలో ఎర్ర పోగు.

దసరా నాడు ఆ ఇంట్లో పనిముట్లకు పూజ చేసేది రోజే. గొడ్డలి, రంపం, కొడవలి కడిగి, తుడిచి, ఆముదం పట్టించి, పసుపు కుంకుమ పెట్టేది. ఇనుముకు నూనె రాయకపోతే ఆ ఇంట్లో అది తప్పు. ఆ ఏడు పీట మీదికి తాడు కూడా వచ్చింది. అన్న ప్రాణం దాని మీద వేలాడబోతోంది. దానికి అందరికంటే ఎక్కువ చేయాలనిపించింది రోజకు. చంటిపిల్ల తలకు రాసినట్టు, మూర తర్వాత మూర, పోగుల్లోకి ఇంకేదాకా ఆముదం మర్దన చేసింది. పైన జిడ్డు కనపడకుండా పాతబట్టతో తుడిచి, చుట్టచుట్టి, ముద్దబంతి పువ్వు పెట్టింది.

మరునాడు చెట్టు మీద ముడి కరవలేదు. దశరథ్ తాడు మీద ఉన్నంతసేపూ అందరిలాగే జల్దీ జారాడు. తాడు కొస దాటి గాలిలోకి వచ్చాకే ఆ నెమ్మది మొదలైంది. కింద జనం అరుస్తుంటే, ఎవరో తాడు గుంజి దించి రోజ చేతిలో పెట్టారు. తాడు అరచేతికి జిగటగా తగిలింది. అప్పుడు అర్థమైంది ఆమెకు. ఆ సాయంత్రమే బోరింగు దగ్గర కూర్చుని, కుంకుడుకాయ నురగలో తాడును తోమి, ఉతికి, మళ్లీ తోమింది.

నూనె రాసినప్పుడు ఆమెకు తెలియదు. కడిగినప్పుడు తెలుసు. ఈ రెండు వాక్యాలూ ఆమె రోజుకెన్నిసార్లు వల్లించుకునేదో! మొదటి వాక్యం దగ్గర ఆగిపోదామని చూసేది. రెండోది ఆగనిచ్చేది కాదు.

తోమా కబురు విని వచ్చేసరికి చింతకాయ పండి గోధుమరంగు తిరిగింది. యాభై దాటిన మనిషి. ఏనాడో పడి కుడిభుజంలో ప్లేటు వేయించుకున్నాక ఎక్కడం మానేశాడు, నేర్పడం మానలేదు. చెట్టు చుట్టూ తిరిగాడు, చిన్న కర్రసుత్తితో బోదెను అక్కడక్కడా కొట్టి చెవి పెట్టి విన్నాడు. తర్వాత తలెత్తి, "ఏం తమ్మీ, మంచిగున్నవా?" అన్నాడు.

"మంచిగనే ఉన్న సార్. మీరు చెప్పినట్టే కట్టిన సార్" అన్నాడు దశరథ్.

తోమా అతని వీపుకూ పెద్దకొమ్మకూ మధ్య జాగాను కంటితో కొలిచాడు. తర్వాత ఉమారాణితో చెప్పాడు: "పడేటోన్ని కిందికెళ్లి ఆపలేం బిడ్డా. మీదికెళ్లి పట్టుకోవాలె. పై పంగల కప్పీ వేసి, కొత్త తాడు దించి, ఆని నడుంపట్టీకి కొక్కెం తగిలించాలె. గంతే. కని జల్దీ గావాలె. దెబ్బ పడ్డప్పుడు మంచి తాడు జెర సాగి ఆ దెబ్బను మింగుతది. సాగనీకె ఆని వీపుకు, గా పెద్దకొమ్మకు నడుమ జాగ ఉండాలె. రోజురోజుకు అదే తగ్గుతుంది."

"గా కొమ్మనే కొట్టేస్తె?" అన్నాడు వీరప్ప.

"కొట్టేస్తె దాని కింద నేలుంది. నేలను నువ్వు కొడ్తవా?"

దశరథ్‌తో పనిచేసినవాళ్లను పిలిచారు. చెరుకు కొట్టడానికి పోయినవాళ్లు పోగా మిగిలినవాళ్లు చెట్టు దిక్కు చూసి మెడ గోక్కున్నారు. పడుతున్నవాని పక్కకు పోతే ఆ పడుడు తమకూ అంటుకుంటుందని భయం. తోమా తన భుజం తడుముకున్నాడు.

"నేను ఎక్కుత" అంది రోజ.

మణెమ్మ చాయ్ గిన్నె దించింది. "నువ్వా? దోటి పట్టుకుంటెనే చేతులు వణుకుతయ్ గదనే నీకు! ఎన్నడన్న తలకాయెత్తి మీ అన్న మొకం జూసినవా?"

ఊళ్లో ఇంకెవరూ పట్టించుకోని ఆ సంగతి మణెమ్మ పట్టించుకుందని రోజకు అప్పుడే తెలిసింది. "నేర్సుకుంట" అంది నేలను చూస్తూనే.

గోదాం వెనక వేపచెట్టు మీద మొదలైంది నేర్పడం. ముందు చూపు: ఎండుకొమ్మ ఏది, పుట్టగొడుగు మొలిచిన చోటేది, సుత్తితో కొడితే డొల్ల మోగేదెక్కడ. తర్వాత విసురుడు: సన్నతాడు కొసకు ఇసుకసంచి కట్టి, రెండు కాళ్ల మధ్య ఊపి, కావలసిన పంగ మీదుగా వేయాలి. రోజ వేసిన మొదటి సంచి మణెమ్మ హోటల్ రేకుల మీద పడింది, రెండోది చాయ్ తాగుతున్న వీరప్ప గిలాసలో. "గురి మంచిగనే ఉందే!" అని అరిచింది మణెమ్మ. హెల్మెట్ పెట్టుకుని, తొడలకూ నడుముకూ పట్టీలు బిగించుకుని, పైజామాతో నిలబడ్డ ఆడపిల్లను చూడటానికి డిపో దగ్గరి ఆటోవాళ్లంతా వచ్చారు. "కల్లు గియ్యనీకె పోతున్నవా పోరీ?" అన్నాడొకడు. "నీకు తాగనీకె చాతనైతె నాకు గియ్యనీకె చాతగాదా?" అంది రోజ. నోరు పనిచేస్తూనే ఉంది. తల ఎత్తడమే చాతకావడం లేదు.

ముడి కట్టగానే ఎక్కనిచ్చేవాడు కాదు తోమా. మోకాలెత్తులో బరువంతా వేసి కూర్చోమనేవాడు. ఎగిరి కూర్చోమనేవాడు. "గీడ కరిస్తెనే గాడ కరుస్తది." తర్వాత పక్కతాడు. కొమ్మ చుట్టూ తిప్పి రెండు కొసలూ నడుంపట్టీకి తగిలించే పొట్టి తాడు అది. పైన చేతిలో పనున్నంతసేపూ రెండు కట్లుండాలి, ఒకటి మోసం చేస్తే ఇంకొకటి. రోజ తొడలు ఒరుసుకుపోయాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంటికి రాగానే వదిన ఆ చేతులు తన ఒళ్లో పెట్టుకుని వెన్న రాసేది. పళ్లెంలో ముందు ఆమెకే వడ్డించేది. "నా తోడబుట్టినోళ్లు ఒక్కరన్న వచ్చిండ్రా? నువ్వు గట్టిదానివే రోజా" అనేది. రోజ చెప్పేద్దామని నోరు తెరిచేది. వదిన ఆ నోట్లో ఇంకో ముద్ద పెట్టేది.

ఓ రోజు తోమా తన కొత్త తాడు తీసి, కళ్లు మూసుకుని, వేళ్ల మధ్య నుంచి మెల్లగా పోనిస్తూ చూపించాడు. "తాడును కండ్లతోని జూడద్దు, వేళ్లతోని జూడాలె. యాడన్న మెత్తబడ్డదా, గట్టిపడ్డదా, చెమ్మ ఉందా. కోసుకుపోతె కండ్లకు అవుపడ్తది. నూనె అవుపడదు. నూనె తాగిన తాడు మీద ఏ ముడి గూడ కరవదు, దేవుడే వచ్చి కట్టినా."

రోజ చేతిలోని ఇసుకసంచి జారి కాలి మీద పడింది.

తర్వాత అతను దశరథ్ పాత తాడు చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లు ఒకచోట ఆగాయి. "ఇది గింత తెల్లగ, గింత బిరుసుగ ఎట్లుంది?"

"మా రోజ కడిగింది సార్, ఆ మాపే" అంది ఉమారాణి. "దానికి శుభ్రం ఎక్కువ. గంత దుఃఖంల గూడ తాడు మట్టిల పడేసి ఉంటె సూడబుద్ధి గాలేదు దానికి."

తోమా రోజ వైపు తిరిగాడు. "మట్టేనా అమ్మా?"

"మట్టే."

"నూనె గిట్ల ఏమన్న?"

వదిన ఆమెనే చూస్తోంది, ఏ అనుమానమూ లేకుండా. "మట్టే సార్."

"అయితె పనికొస్తది. నా కాడ కొత్తది ఒక్కటే ఉంది, అది దశరథ్‌కు. ఇది..."

"ఇది నాకు" అంది రోజ, ఇంకెవరన్నా అందుకుంటారేమో అన్నట్టు.

ఆ రాత్రి ఆమె చాన్నాళ్లకు నిద్రపోయింది. అబద్ధానికి తన ప్రాణమే అడ్డం పెట్టింది కాబట్టి సరిపోయిందనుకుంది. సరిపోలేదు. అది అన్నకూ వదినకూ ఏ రకంగానూ చెందని బేరం.

చెట్టెక్కే రోజు ఊరు సగం అక్కడే ఉంది. దశరథ్ వీపుకూ పెద్దకొమ్మకూ మధ్య మూరెడు జాగా మిగిలింది. ఇంకా ఆగితే సాగే చోటుండదని తోమా అన్నాడు. కొత్త తాడు కింది భాగాన్ని చెట్టు బోదె చుట్టూ మెలికలు తిప్పి కొసను ఉమారాణి చేతికిచ్చాడు. "నేను చెప్పినప్పుడే బిగబట్టాలె, నేను చెప్పినప్పుడే ఇడువాలె. ఇంకెవరి చేతులకు ఇయ్యద్దు." ఉమారాణి కొంగు నడుముకు దోపుకుంది.

ఇసుకసంచి పై పంగ మీదుగా పడేసరికి పొద్దెక్కింది. రోజ సన్నతాడు వెంట పాత తాడును పైకి లాగి, దాని మీద ముడి వేసింది, మోకాలెత్తులో కూర్చుంది, ఎగిరి కూర్చుంది. కరిచింది. ఎక్కింది. ముడిని పైకి నెట్టు, కాళ్లు ముడుచుకో, నిలబడు, మళ్లీ నెట్టు. అన్న పక్క నుంచే పోయింది గాని చెట్టు బెరడునే చూస్తూ పోయింది. పై పంగలో పక్కతాడు వేసుకుని, కప్పీ కట్టి, కొత్త తాడును దానిలోంచి పోనిచ్చి, కొక్కెం ఉన్న కొసను నడుముకు తగిలించుకుంది. ఇక అన్న దగ్గరికి దిగాలి. పక్కతాడు విప్పింది. ముడిని చేత్తో కొంచెం కొంచెంగా జార్చుకుంటూ అన్నకు కాస్త పైదాకా దిగింది.

మార్చి ఎండ తాడు మీద నిలువునా పడుతోంది. ముడి కింద ఏదో మెరిసింది. ముక్కుకు తెలిసిన వాసన. ఆమె చెయ్యి తీసేసింది, ముడి ఆగలేదు.

జర్రున మూరెడు జారింది. కింద జనం ఒక్కటిగా అరిచారు.

"పక్కతాడెయ్యి! ఫస్టు పక్కతాడు!" పక్కనుంచే వచ్చింది దశరథ్ గొంతు.

వేళ్లకు అందిన కొమ్మ చుట్టూ పక్కతాడు తిప్పి, తగిలించి, వేలాడింది. ఊపిరి ఆడాక తల తిప్పింది. అన్న మొహం ఆమె మొహానికి జానెడు దూరంలో ఉంది. గడ్డం మాసింది. కళ్ల కింద ముడతలు ఎప్పుడొచ్చాయో!

"ఆముదం పైపైన కడిగితె పోదే, రోజా" అన్నాడు మెల్లగా. "లోపలికెళ్లి ఎండకు ఊరుతది."

"నీకు... నీకు తెల్సా?"

అతను అరచెయ్యి తెచ్చి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. "గా రోజే తెల్సు. జారేటప్పుడే వాసనొచ్చింది. మాపు నువ్వు బోరింగు కాడ కూసోని తోముతుంటె ఈడికెళ్లి జూసిన."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు తలెత్తుతవేమో అని జూసిన. ఇయ్యాల ఎత్తుతది, రేపు ఎత్తుతది... దోటి పట్టుకొని వస్తవ్, పోతవ్. నీ పాపిడి తప్ప ఇంకేం జూసిన నేను?"

"కోపమొచ్చిందా అన్నా?"

"రాదా? ఊరంత నాకు ముడి రాదంటుంటె, మీ వదినె తలొంచుకొని పోతుంటె? నిన్ను తిట్టుకుంటనే పడ్డ. తిట్టి తిట్టి యాష్టకొచ్చింది."

రోజ కన్నీళ్లతోనే నడుముకున్న కొక్కెం తీసి అతని పట్టీ వైపు చాచింది. దశరథ్ పట్టీ రింగు మీద అరచెయ్యి కప్పాడు.

"మీ వదినెకు చెప్పు."

"చెప్త అన్నా. దిగినంక చెప్త, ఒట్టు."

"దిగినంక నువ్వు చెప్పవు."

అది తిట్టు కాదు. అన్న చెల్లెల్ని ఎంత ఎరుగునో అంత మాట. రోజ కిందికి చూసింది. తాడు పట్టుకుని, మొహం పైకెత్తి, నోరు కాస్త తెరిచి నిలబడ్డ వదిన.

"ఆమె చేతుల తాడుంది అన్నా. గిప్పుడిట్ల ఇంటె..."

"ఉండనీ."

పెద్దకొమ్మ కిందనే ఉంది, అతను ఆగి లేడు. రోజ వదిన వైపు వంగింది.

"వదినే! అన్న ముడి మంచిగనే కట్టిండు! తాడుకు నేను ఆముదం రాసిన. దసరాకు. తెల్వక రాసిన. తెల్సినంక కడిగేసిన. మట్టని అబద్ధం చెప్పిన. గిదే తాడు. తప్పు నాది వదినే, అన్నది గాదు!"

డిపోలో బస్సు ఒకటి స్టార్ట్ అయి ఆగిపోయింది. తోమా చేత్తో నుదురు కొట్టుకున్నాడు. "ఆ తాడు మీద ఇంక జానెడు గూడ దిగకు! పక్కతాడు మీదనే ఉండు!"

వీరప్ప గొంతు లేచింది: "చూసిండ్రా, నేను ముందే అన్న, మన తప్పేం లేదని..."

"నోర్ముయ్!" అంది మణెమ్మ. "తాడు మంచిదే అన్నది నీ నోరే గద!"

పై నుంచి చూస్తే ఉమారాణి మొహంలో ఏమీ కనిపించలేదు. ఆమె రెండు పిడికిళ్లూ మాత్రం కనిపించాయి. కాసేపటికి అవి తాడును ఒక మూర వెనక్కి లాగాయి, సడలింపు లేకుండా.

దశరథ్ రింగు మీంచి చెయ్యి తీశాడు. కొక్కెం టక్కుమంది.

దసరా నాటి నుంచి మెల్లగా వచ్చినదంతా అప్పుడు ఒక్కసారిగా వచ్చింది. తాడు ఝుమ్మంది. చెట్టు వేళ్లదాకా కదిలి, కొమ్మకొమ్మకూ ఉన్న చింతకాయంతా ఒక్క విసురున రాలి గోదాం రేకుల మీద దబదబా కురిసింది. దసరా మరునాడు రావలసిన కేక దశరథ్ గొంతులోంచి అప్పుడొచ్చింది, "అమ్మో!" అని ఊరంతా వినేలా. బోదె చుట్టూ తాడు జారి బెరడు కాలిన వాసన లేచింది. ఉమారాణి మడమలు మట్టిలో గాడి తీస్తూ ముందుకు జరిగాయి, ఆగాయి. దశరథ్ వీపు పెద్దకొమ్మను రాసుకుంది. రాసుకుంది, అంతే. తాడు అతన్ని పైకి తీసుకుంది. పైకెగిరి నిలిచిన అంగీ అంచులు కిందికి వాలాయి. జుట్టు నుదుటి మీద పడింది. దశరథ్ అందరి బరువులాంటి బరువుతో వేలాడాడు.

"ఇగ ఇడువు బిడ్డా, మెల్లగ, మెల్లగ" అన్నాడు తోమా.

అతను నేలకు దిగాడు. కాళ్లు నేలను మరిచిపోయాయి, కూలబడ్డాడు. జనం మంచం తెచ్చారు, నీళ్లు తెచ్చారు. ఉమారాణి మొగుడి మొహాన్ని రెండు చేతుల్లో పట్టుకుంది. అతని చెంపల మీద ఎర్రటి మరకలయ్యాయి, ఆమె అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి. ఎవరో నవ్వుతున్నారు, ఎవరో ఏడుస్తున్నారు, ఇద్దరు ముసలమ్మలు కొంగుల్లోకి చింతకాయ ఏరుకుంటున్నారు. మంచం చుట్టూ అందరూ మూగారు.

పైన కొమ్మకు కట్టుకుని రోజ ఉండిపోయింది. దిగడానికి ఆమె తాడు పనికిరాదు. ఎవరినైనా పిలుద్దామనుకుంది. ఏమని పిలవాలి? ఇన్నాళ్లూ పైనున్న అన్న వైపు తలెత్తనిది తను. కొమ్మను కావలించుకుని ఎదురుచూసింది.

తోమా ఆమెతో సన్నతాడు కిందికి వదిలించి, కొత్త తాడు కొసను దానికి కట్టి, పైకి లాక్కొమ్మని సైగ చేశాడు. ఆమె లాక్కుంది, కొక్కెం తన పట్టీకి తగిలించుకుంది. కింది కొసను తోమా మంచి చేత్తో పట్టుకుని, సాయానికి అటూ ఇటూ చూశాడు. మంచం దగ్గరి గుంపులోంచి ఉమారాణి లేచి వచ్చింది. కొంగు చింపి అరచేతులకు చుట్టుకుంటూ వచ్చింది. తోమా చేతిలోంచి తాడు తీసుకుని, బోదె చుట్టూ మెలికలు సరిచూసి, తలెత్తింది.

"నీతోని నేను మాట్లాడ" అంది. అరవలేదు, అయినా పైదాకా వినిపించింది. "ఎన్నటికన్న మాట్లాడ్తనో లేదో గూడ తెల్వదు. కని నువ్వు నేల మీద కాలు పెట్టెదాక తాడు ఇడువ. పక్కతాడు ఇప్పి దిగు."

రోజ పక్కతాడు కొక్కెం మీద చెయ్యి వేసింది. విప్పింది. బరువంతా ఆ తాడు మీద వేసింది.

ఉమారాణి పిడికిలి తర్వాత పిడికిలి వదులుతూ దించసాగింది. దిగినంతసేపూ రోజ వదిన మొహాన్నే చూసింది. వదిన తాడును చూసింది.